పోయటం, పోసుకోవటం

నా నవలల్లో ముసలివాళ్ళెవరూ స్నానం చెయ్యరు.

ఈ సంగతి ఇన్నేళ్ళూ నేను గమనించలేదు. గమనించి ఉత్తరం రాసిన పాఠకులూ లేరు. నా కథానాయికలు మాత్రం తలంటుకుని, సాంబ్రాణి పొగ వేసుకుని, డాబా మీద జుట్టు ఆరబెట్టుకున్నారు. వానొస్తే తనివితీరా తడిశారు. వాళ్ళ తండ్రులు ఒక అధ్యాయంలో పడక్కుర్చీలో పేపరు చదువుతారు, ఇంకో అధ్యాయంలో గుండెపోటుతో పోతారు. ఈ మధ్యలో ఆయనకి నీళ్ళెవరు తోడారో, వీపెవరు రుద్దారో, తడి నేల మీంచి గదిలోకి ఎవరు చెయ్యి పట్టుకుని నడిపించారో రాయాలని నాకు తోచనే లేదు. నిజం చెప్పొద్దూ, అది రాయదగ్గ విషయమనే అనుకోలేదు.

కిందటి కార్తీకంలో అమ్మ మా స్నానాలగదిలో పడేదాకా అనుకోలేదు.

అమ్మకి డెబ్భై తొమ్మిదేళ్ళు. నేను ఆవిడకి ఆఖరి సంతానాన్ని. అమలాపురం దగ్గర ఓ పల్లెటూళ్ళో, నూతి పక్కన గచ్చు మీద, రాగి గంగాళంలో కాగిన నీళ్ళు పోసుకుని బతికిన మనిషి. నాన్నగారు పోయాక విజయవాడలో మా దగ్గరే వుంటోంది. మాది మూడో అంతస్తు ఫ్లాటు. స్నానాలగదిలో నున్నటి టైల్సు వేశారు. పొడిగా వున్నప్పుడు అద్దంలా వుంటాయి, తడిస్తే అరటి తొక్కలా వుంటాయి. కొనేటప్పుడు మేము అద్దాన్నే చూశాం.

కార్తీకస్నానం తెల్లవారకుండా చెయ్యాలని ఆవిడ పట్టుదల. నన్ను లేపితే వద్దంటానని లేపలేదు. చప్పుడు విని పరుగెత్తేసరికి లోపల గడియ వేసి వుంది. మా వారు భుజంతో తలుపు నెట్టబోయారు. లోపల్నించి అమ్మ గొంతు:

"ఆగండి! తలుపు తియ్యకండి! నా చీర అందటం లేదు."

"చీర సంగతి తర్వాతమ్మా! దెబ్బ ఎక్కడ తగిలింది?" అని నేను అరిచాను.

"ముందు అల్లుడుగార్ని అవతలికి వెళ్ళమనవే."

మా వారు మారు మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. అమ్మ నేల మీద దేక్కుంటూ వెళ్ళి, కొక్కేనికున్న చీర కొసని లాక్కుని, ఒంటికి చుట్టుకుని, అప్పుడు గడియ తీసింది. పది నిమిషాలు పట్టి వుంటుంది. ఆ పది నిమిషాలూ నేను తలుపు ఇవతల ఏ దేవుడికి మొక్కుకున్నానో నాకే గుర్తు లేదు. కుడిచేతి మణికట్టు విరిగింది. తుంటి ఎముక విరగనందుకు సంతోషించమన్నారు డాక్టరుగారు.

ఆ రాత్రి నాకు భయం పోయి కోపం వచ్చింది. "ప్రాణం కన్నా చీరెక్కువా నీకు?" అని అడిగాను. అమ్మ పిండికట్టు వంక చూసుకుంటూ వూరుకుంది. ఆ ప్రశ్నకి జవాబు తేలిక అని అప్పుడు అనుకున్నాను.

మర్నాటినించి నేనే నీళ్ళు పోస్తానని శాసనం చేశాను. గడియ పీకించేశాను. పిండికట్టుకి పాలిథీన్ సంచీ తొడిగి, అమ్మని స్టూలు మీద కూచోబెట్టి, సబ్బు రుద్ది, నెత్తి మీంచి నాలుగు మగ్గులు గుమ్మరించి, తువ్వాలు చుట్టి బయటికి తెచ్చేదాన్ని. కుక్కరు మూడో కూత వేసేలోపల అయిపోయేది. నా చురుకుతనానికి నేనే మురిసిపోయాను. ఫోను చేసిన వాళ్ళందరికీ "అమ్మకి నీళ్ళు నేనే పోస్తున్నానండీ" అని చెప్పాను. అందరూ "అదృష్టవంతురాలు మీ అమ్మ" అన్నారు. అమ్మ మాత్రం నేను నీళ్ళు పోస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని వుండేది. హాయిగా వుంది కాబోలు అనుకున్నాను. మూసుకున్న కళ్ళకి రెండర్థాలు వుంటాయని నవలలు రాసేదాన్ని నాకు తెలిసి వుండాల్సింది.

మూడో వారంనించీ సాకులు మొదలయ్యాయి. ఒకరోజు జలుబు. ఇంకోరోజు ఒళ్ళు వెచ్చగా వుంది. మరోరోజు కట్టు తడిసిపోతుందని భయం. స్నానం చెయ్యందే దేవుడి దగ్గర దీపం పెట్టని మనిషి, దీపం నన్ను పెట్టమని తను మంచం దిగకుండా వుండిపోయింది. నాలుగో రోజున, సీరియల్ భాగం పంపించాల్సిన గడువు నెత్తి మీద వుండగా, మా అమ్మాయి, పనిమనిషి ఇద్దరూ అక్కడే వుండగా, నా నోటినించి ఆ మాట జారింది.

"నీ దగ్గర వాసనొస్తోందమ్మా."

అమ్మ ఏమీ అనలేదు. లేచి గదిలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. మా అమ్మాయి నా వంక చూసిన చూపు ఇంకా నా వెన్నులో వుంది. సాయంత్రం కాఫీ పట్టుకెళితే, గ్లాసు ఎడమచేత్తో అందుకుని, నెమ్మదిగా అంది:

"పుట్టినప్పుడు మంత్రసాని పోసింది. పోయాక మీరంతా కలిసి ఎలాగూ పోస్తారు. మధ్యలో నాలుగు చెంబులు నన్ను పోసుకోనీవే తల్లీ."

నేను బి.ఏ. తెలుగు సాహిత్యంతో చదివాను. మా తెలుగు మేష్టారు 'కొను' అనే సహాయక్రియ గురించి పాఠం చెప్తూ, ఎవరి పని వాళ్ళ కోసం వాళ్ళే చేస్తే అది ఆత్మార్థకం అన్నారు. వండటం వేరు, వండుకోవటం వేరు. కట్టటం వేరు, కట్టుకోవటం వేరు. పరీక్షలో రెండు మార్కులకి రాసి మర్చిపోయాను. పాతికేళ్ళ తర్వాత కాఫీ గ్లాసు పట్టుకుని అమ్మ ఆ పాఠం మళ్ళీ చెప్పింది. నేను నీళ్ళు పోశాను. ఆవిడ నీళ్ళు పోసుకోలేదు. శరీరం తడిసింది, శుభ్రపడింది, కానీ ఆ స్నానం ఆవిడది కాదు. మధ్యలో ఒక్క 'కో' ఎగిరిపోయింది.

ముసలితనమంటే ఏమిటో నాకా సాయంత్రం కొంచెం అర్థమైంది. కట్టుకున్న మనిషికి ఎవరో కడతారు. దువ్వుకున్న మనిషికి ఎవరో దువ్వుతారు. మందులు వేసుకున్న మనిషికి ఎవరో వేస్తారు. ఒక్కొక్క మాటలోంచి ఒక్కొక్క 'కో' రాలిపోతూ వుంటుంది. చిత్రమేమిటంటే, మూడేళ్ళ పిల్ల చేతిలోంచి మగ్గు లాక్కుని "నేనే పోసుకుంటా" అంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయి వచ్చిన వాళ్ళందరికీ చెప్తాం. అదే మాట డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి అంటే మొండితనం అంటాం.

అయితే అసలు చిక్కు ఇక్కడే వుందండీ. మా అన్నయ్య ఫోనులో అడగనే అడిగాడు. "మర్యాదా, మన్ననా అంటూ కూచుంటే మళ్ళీ పడుతుంది. ఈసారి తుంటి విరిగితే ఆ మర్యాద ఏం చేసుకుంటాం?" అన్నాడు. వాడి మాట కొట్టిపారెయ్యలేను. తుంటి విరిగి మంచం పట్టిన మనిషికి స్నానమే కాదు, ఇంకా చాలా పనులు ఒకరు చెయ్యాల్సి వస్తుంది. అంటే ఇవాళ ఆవిడ ఇష్టానికి వదిలేస్తే, రేపు ఆవిడకి ఏ ఇష్టమూ మిగలకపోవచ్చు. అలాగని ఆవిడ ఇష్టాన్ని ఇవాళే తీసేసుకుంటే, నేను కాపాడుతున్నది దేన్ని? ఎముకల్నా?

నాలో నేను వెతుక్కుంటే ఇంకో సంగతి కూడా బయటపడింది. నేను నీళ్ళు పోసింది అచ్చంగా ఆవిడ క్షేమం కోసమే కాదు. మళ్ళీ ఆ చప్పుడు వినలేనన్న నా భయం కొంత. త్వరగా తెమిలితే రాసుకోవచ్చన్న నా తొందర కొంత. మంచి కూతురనిపించుకోవాలన్న యావ కొంత. ఈ మూడింటికీ కలిపి నేను సేవ అని పేరు పెట్టుకున్నాను.

తల్లిదండ్రుల సేవ అనగానే మనకి పుండరీకుడు గుర్తొస్తాడు. 1957లో వచ్చిన పాండురంగ మహాత్మ్యం సినిమా చూసి ఏడవని వాళ్ళు మా ఇంట్లో లేరు. అమ్మానాన్నల పాదసేవలో వుండి సాక్షాత్తూ దేవుణ్ణే ఇటిక మీద నిలబెట్టాడు మహానుభావుడు. కానీ నేను చిన్నప్పట్నించి విన్న కథలో, చాలయ్యా నాయనా అనిగానీ, కాస్త ఈ పక్కన పట్టు అనిగానీ ఆ తల్లిదండ్రులు ఒక్క మాట కూడా అనరు. కథంతా కొడుకుదే. సేవ చేయించుకునే వాళ్ళకి నోరుండదు. మన చట్టాలు కూడా చూడండి. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం ఒక చట్టం చేసింది. పోషణ అంటే తిండి, బట్ట, వసతి, వైద్యం అని అందులో వుంది. వాళ్ళు మామూలు జీవితం గడపగలగాలని కూడా వుంది. మంచిదే. పిల్లలు తిండి పెట్టకపోతే అడిగే దిక్కుంది. నన్ను అడక్కుండా నెత్తి మీద నీళ్ళు గుమ్మరించారని ఏ అధికారికి ఫిర్యాదు చేస్తారు?

అంచేత, ఐదు వారాల్లో మొదటిసారిగా, అడిగాను. "నీకెలా కావాలో చెప్పమ్మా."

అమ్మ చాలాసేపు నమ్మలేదు. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. పొద్దున్నే చలి, పదకొండింటికైతే ఎండొచ్చి గది వెచ్చబడుతుంది. నెత్తి మీంచి ఒక్కసారి గుమ్మరిస్తే వూపిరాడదు, ముందు పాదాల మీద పోసుకుని, మోకాళ్ళ మీదికి, భుజాల మీదికి రావాలి. సబ్బు మంట పెడుతోంది, సున్నిపిండి కావాలి. ఒంటి మీద ఏదో ఒక బట్ట వుండాలి. చివరికి, చూపు తిప్పేసుకుని, "నువ్వు కాకుండా ఆ పనమ్మాయి సాయం వుంటే బావుంటుందేమో" అంది.

నాకు మనసు చివుక్కుమంది. "కన్నకూతురి దగ్గర సిగ్గేమిటే అమ్మా!"

"నీ దగ్గరే సిగ్గు. ఆ పిల్ల రేపు మర్చిపోతుంది. నువ్వు గుర్తు పెట్టుకుంటావు. పైగా రాస్తావు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ మాటలో ఎంత నిజం వుందో తర్వాత తెలిసింది. మా ఎదురింటావిడ మామగారు కోడలి చేత వీపు కూడా తుడిపించుకోరు, మనవడైతే సరేనంటారు. వాళ్ళ బంధువు ఒకావిడ కూతురు తప్ప పరాయి మనిషి చెయ్యి తగలనివ్వదు. ఎవరికి ఎవరి ముందు సిగ్గో మనం లెక్కగట్టలేం. వాళ్ళనే అడగాలి, అడిగి, చెప్పింది విని నొచ్చుకోకుండా వుండాలి. రెండోదే కష్టం.

తర్వాత మేస్త్రీని పిలిచాం. ఇక్కడ నాలాంటి వాళ్ళ కోసం నాలుగు మాటలు వివరంగా చెప్తాను, విసుక్కోకండి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు మొయ్యదు, ఆసరాకి పట్టుకుంటే వూడి చేతికొస్తుంది. అందుకని లావుపాటి స్టీలు పిడులు రెండు గోడలోకి మరలతో బిగించాం. ఒకటి కూచున్నప్పుడు చేతికందేలా, ఒకటి గుమ్మం పక్కన. నేల మీద రబ్బరు చాప. వెనకటి కొయ్యపీట మీద కూచుంటే లేవటం కష్టం, స్టూలు మీద వెనక్కి ఆనుకోవటానికుండదు. అందుకని చేతులున్న గట్టి కుర్చీ, కాళ్ళకి రబ్బరు తొడుగులతో. బక్కెట్టు నేల మీద వుంటే వంగాలి, వంగితే తూలతారు. అందుకని దాన్ని ఒక ఎత్తుపీట మీద పెట్టాం. గడియ మళ్ళీ పెట్టించాం. అయితే లోపల వేసుకున్నా, అవసరమైతే బయటినించి తీయగలిగే రకం. ఆ గడియ చూసినప్పుడు అమ్మ మొహం చూడాల్సింది. నగ చేయించినా అంత సంతోషించేది కాదు.

బక్కెట్టులో ముందు చన్నీళ్ళు, తర్వాతే వేణ్ణీళ్ళు. వయసు మీరిన వాళ్ళ చర్మానికి వేడి చప్పున తెలియదు, తెలిసేలోపల కాలుతుంది. నేను మోచెయ్యి ముంచి చూస్తాను, ఆవిడా చెయ్యి ముంచి సరే అనాలి. వేణ్ణీళ్ళు పోసుకుని దిగ్గున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి, బీపీ మాత్రలు వేసుకునే వాళ్ళకి మరీను. కాబట్టి కుర్చీలోనే ఒళ్ళు తుడుచుకుని, కాసేపాగి, పిడి పట్టుకుని లేవాలి. తలంటు రోజున నూనె స్నానాలగదిలో కాదు, బయట కుర్చీలో కూచోబెట్టి తలకి మాత్రమే రాస్తాం. నేల మీద పడ్డ నూనెచుక్క నీళ్ళతో పోదు. రోజూ ఒళ్ళంతా రుద్దుకోనక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు. ఈ వయసులో చర్మం పల్చబడి పొడిబారుతుందట. వారానికి రెండు మూడు స్నానాలు చేసి, మిగతా రోజుల్లో మొహం, చంకలు, తొడల సందులు తడిగుడ్డతో తుడుచుకుంటే చాలట. కాలివేళ్ళ మధ్య మాత్రం తడి వుండకూడదు. అమ్మ ఇదంతా శ్రద్ధగా విని, "డాక్టరుగారు దీపం పెట్టరు కాబోలు" అంది. అంచేత స్నానం రోజూ చేస్తుంది. సున్నిపిండి మాత్రం రెండు రోజులకోసారి.

పల్చటి పాత నేతచీర ఒకటి భుజాలమీంచి కప్పుకుని కూచుంటుంది. నీళ్ళు దాని మీదే పోసుకుంటుంది. వూళ్ళో కాలవరేవులో ఆడవాళ్ళంతా అలాగే చేసేవారు. చిన్నప్పుడు చూసేదాన్ని. బట్ట తియ్యకుండా స్నానం, బట్ట జారకుండా చీర మార్పు. ఆ రేవులోనే ఇంకోటి కూడా చూశాను. ఒకరి వీపు ఒకరు రుద్దుకునేవారు. ఎంత గట్టి మనిషికైనా తన వీపు తనకందదు కదా! పరమయ్యగారి కోడలి వీపు రుద్దితే చాకలావిడకి చిన్నతనం అనిపించేది కాదు, రుద్దించుకున్నావిడకీ అనిపించేది కాదు. ఇవాళ నేను రుద్దితే రేపు నువ్వు రుద్దుతావు. సాయం అటూ ఇటూ నడుస్తున్నంత కాలం అందులో సిగ్గు లేదు. ఒకవైపునించే వస్తున్నప్పుడే అది బరువవుతుంది. అమ్మకి నా చేతులు బరువైంది అందుకేననుకుంటాను.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. పనమ్మాయి పాదాలు కడిగి, వీపు రుద్ది బయటికి వచ్చేస్తుంది. మిగతాది అమ్మ పని. బరువైన ఇత్తడి చెంబు మణికట్టుకి నెప్పి చేస్తోందని తేలికపాటి చిన్న స్టీలు చెంబు కొన్నాం. దాంతో నాలుగు కాదు, నలభై పోసుకుంటుంది. అరగంట పడుతుంది. నేను తలుపు ఇవతల స్టూలు వేసుకుని కూచుంటాను. చెంబు బక్కెట్టుకి తగిలే చప్పుడు వింటూ వుంటాను. చప్పుడు ఆగితే పిలుస్తాను. అంతకు మించి లోపలికి వెళ్ళను.

మళ్ళీ పడదని రాసివ్వగలనా? ఇవ్వలేను. అన్నయ్యకి కూడా అదే చెప్పాను. పడే దారులు నాకు తెలిసినన్ని మూశాను. మిగిలిన ఒక్క సందూ మూసెయ్యాలంటే ఆవిడ చేతిలోని చెంబు లాక్కోవాలి. రేపు ఆవిడకే చెంబు ఎత్తే ఓపిక లేని రోజు రావచ్చు. మతిమరుపు ముదిరి నీళ్ళంటేనే జడిసే రోజూ రావచ్చు. అప్పుడు పొయ్యటం నా వంతే. అప్పుడైనా ముందు పాదాల మీద పోస్తాను, ముందు చెప్పి పోస్తాను, తడిగుడ్డ ఒక్క నిమిషం ఆవిడ చేతికిచ్చి మొహం తననే తుడుచుకోమంటాను. ఆ ఒక్క 'కో' అయినా మిగలనీ.

భోగినాడు పొద్దున్నే అమ్మ నన్ను పిలిచి తన కుర్చీ ముందు కింద కూచోమంది. కట్టు విప్పి అప్పటికి రెండు వారాలైంది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు. ఎడమచేత్తో నూనె గిన్నె వంచుకుని నా మాడు మీద పెట్టి, అయిదు నిమిషాలు అంటింది. నలభై ఏడేళ్ళ దాన్ని, తల వంచుకుని కూచున్నాను. నూనె కంట్లోకి కారింది. "కళ్ళు మూసుకోవే" అంది.

ఈ వ్యాసం అచ్చుకి పంపే ముందు ఆవిడకి చదివి వినిపించాను. రాస్తానని ముందే అంది కదా, కనీసం అడిగి రాయాలనిపించింది. అంతా విని, వూరి పేరు తీసెయ్యమంది. తీసేశాను. వాసన మాట వుంచనా తియ్యనా అని అడిగాను.

"వుంచు. అన్నది నువ్వేగా" అంది.

ఇప్పుడు పదకొండు దాటింది. నేను తలుపు ఇవతల స్టూలు మీద కూచుని ఈ చివరి వాక్యాలు దిద్దుకుంటున్నాను. లోపల చెంబు చప్పుడు ఆగింది.

"అమ్మా?"

"ఏమే, ఇంకా అక్కడే వున్నావా?"

"వున్నాను."

"వుండు. నీళ్ళు చల్లారిపోయాయి, ఇంకో చెంబుడు వేణ్ణీళ్ళు కావాలి. తలుపు తట్టి రా."